‘డెత్లీ హ్యాలోస్’ క్రీడారూపము: ఔచిత్యవిచారము

ఒక రూపమున బుట్టిన కథ వేఱొక రూపమున నవతరించుట సాహిత్యమున గ్రొత్త విషయము గాదు. ఇతిహాసకథలు నాటకములైనవి, సంస్కృతకావ్యములు తెనుగు ప్రబంధములైనవి. కాళిదాసు భారతమునందలి శకుంతలోపాఖ్యానమును గ్రహించి, మూలమున లేని దుర్వాసుని శాపమును గల్పించి, దుష్యంతుని ధీరోదాత్తతకు హాని గలుగకుండ గాపాడెను. శ్రీనాథుడు శృంగారనైషధాంతమున దన యనువాదమార్గమును వివరించుచు, ఔచిత్యము నాదరించుటయు, అనౌచిత్యమును బరిహరించుటయు నందలి నియమములుగ బేర్కొనెను. కావున రూపాంతరమున మార్పు దోషము గాదు. ఆ మార్పు రసపోషకమా, రసభంజకమా యనునదియే విచార్యము.

ఇరువదవ శతాబ్ది చివరి పాదమున నీ పరంపరలో నొక నూతనరూపము చేరినది. చలనచిత్రకథలు వీడియో గేములుగ మారజొచ్చినవి. ఈ రూపమునకు గల విశేషధర్మ మొక్కటి గలదు. కావ్యమున బాఠకుడు వినును. నాటకమున బ్రేక్షకుడు చూచును. ఆటయం దాతడే నాయకుడై పని చేయును. నాయకుడేమి తలచెను, ఏమి పలికెను అనువానికంటె, నాయకు డేమి చేయును అను ప్రశ్నకే యిం దగ్రస్థానము. ఆటగాని చేతివ్రేళ్లు గంటలకొలది దేనిని జేయుచుండునో యదియే యా క్రీడకు వస్తువు. నడుమనడుమ జూపబడు కథాఖండములు దానికి బరివారము మాత్రమే. కావున మూలకథనుండి యే క్రియను బ్రధానముగ గైకొనవలె నను నిర్ణయము నందే యనువాదకర్త ప్రతిభ తెలియును. ఈ నిర్ణయము తప్పినచో దక్కిన యలంకారము లెన్ని యున్నను వ్యర్థములగును. ‘హ్యారీ పోటర్ అండ్ ది డెత్లీ హ్యాలోస్ - పార్ట్ 1’ అను క్రీడ యిందుకు స్పష్టమైన దృష్టాంతము.

జె. కె. రౌలింగు రచించిన హ్యారీ పోటర్ నవలలలో నేడవదియు గడపటిదియు నగు ‘డెత్లీ హ్యాలోస్’ 2007 జులైలో వెలువడినది. దానిని రెండు భాగములుగ విభజించి చలనచిత్రములుగ నిర్మించిరి. డేవిడ్ యేట్స్ దర్శకత్వమున మొదటి భాగము 2010 నవంబరులోను, రెండవ భాగము 2011 జులైలోను బ్రదర్శితమైనవి. మొదటి చిత్రముతో బాటుగ నదే నవంబరులో, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థకు జెందిన ‘బ్రైట్ లైట్’ అను నింగ్లండు నిర్మాణశాల యీ క్రీడను సిద్ధపఱచినది. అది ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360, వీ మొదలగు యంత్రములకును, కంప్యూటరులకును వేర్వేఱుగ లభించినది. అంతకు బూర్వము 2007లో ‘ఆర్డర్ ఆఫ్ ది ఫీనిక్స్’, 2009లో ‘హాఫ్-బ్లడ్ ప్రిన్స్’ అను క్రీడలను గూడ నీ శాలవారే నిర్మించి యుండిరి. కావున గథాప్రపంచము వారికి గ్రొత్తది గాదు.

మొదట గథాస్థితిని సంగ్రహముగ జెప్పవలసియున్నది. గురువగు డంబుల్‌డోర్ మరణించినాడు. దుష్టమాంత్రికుడగు వోల్డెమార్ట్ అనుచరులు ప్రభుత్వమును వశపఱచుకొనిరి. హ్యారీ, రాన్, హెర్మయొనీ యను ముగ్గురు బాలమిత్రులు హాగ్వర్ట్స్ విద్యాలయమును విడిచి, వోల్డెమార్ట్ తన యాత్మఖండములను దాచిన వస్తువులను వెదకుచు, గుడారము భుజముననిడుకొని యడవులవెంట దిరుగుదురు. శత్రువులు బలవంతులు, వీరు మువ్వురు. పట్టువడినచో మరణము నిశ్చయము. కావున వీరి నీతి యుద్ధము గాదు, అజ్ఞాతవాసము.

ఇట్టి కథను బట్టి నిర్మింపబడిన యాటలో ఆటగాడు చేయు పని యెట్టిది? హ్యారీ వీపువెనుకనుండి చూచు దృష్టితో, రాతిగోడల చాటునను, చెట్ల మాటునను నక్కి, తల యెత్తి, శత్రువునకు గుఱిపెట్టి, మంత్రదండమునుండి మంత్రములను వరుసగ బ్రయోగించి, మరల దాగుకొనుట. ఇది 2006లో వెలువడిన ‘గేర్స్ ఆఫ్ వార్’ మొదలగు సైనికక్రీడలలో బ్రసిద్ధి కెక్కిన పద్ధతి. ‘స్టూపిఫై’ అను మంత్రము సామాన్యమైన తుపాకి పనిని, ‘ఎక్స్‌పల్సో’ యెడతెగక ప్రేలు తుపాకి పనిని, ‘కన్‌ఫ్రింగో’ ఫిరంగిగుండు పనిని జేయును. సీసాలలోని మందులు చేతిబాంబులవలె విసరబడును. శత్రువులను గూల్చినకొలది ఆటగాని శక్తి పెరుగుచుండును. ప్రధానకథకు నడుమ, బందీలను విడిపించుట మొదలగు చిల్లరపనులు పెక్కు గలవు. అవి యన్నియు దుదకు నిట్టి కాల్పులకే దారితీయును.

ఈ యాటకు విమర్శకుల యాదరము లభింపలేదు. వివిధపత్రికలవారి గుణనిర్ణయములను సమకూర్చి చూచిన, నూటికి 40 అంకములకు అటునిటుగనే నిలిచినది. చేసిన పనియే చేయవలసివచ్చుట, శత్రువుల బుద్ధిహీనత, గుఱి కుదురకపోవుట, దృష్టికోణము తడబడుట యను దోషములను బెక్కుమంది యెత్తిచూపిరి. ఇవి నిజములే. కాని యివి లక్షణములు, వ్యాధి వేఱు. వ్యాధికి గారణముగ సాధారణముగ జెప్పబడునవి రెండు. వానిని ముందు బరీక్షింపవలెను.

మొదటిది కాలము చాలమి. చలనచిత్రముతో జతగూడిన యాట చిత్రప్రదర్శనదినము నాటికి దుకాణములకు జేరితీరవలెను. చిత్రము నిలువదు, నిర్మాతలకు గడువు పెరుగదు. ఈ నిర్బంధమువలన జెడిన క్రీడలకు దొలి దృష్టాంతము 1982 నాటి ‘ఇ. టి.’ స్పీల్‌బర్గు చిత్రమునుండి యటారి సంస్థకై హోవర్డ్ స్కాట్ వార్షా యనునాతడు దానిని సుమా రైదు వారములలో ముగింపవలసివచ్చినది. అమ్ముడుపోక మిగిలిన ప్రతులను మఱుసటి యేడు న్యూ మెక్సికో రాష్ట్రమున నలమగోర్డో పట్టణపు చెత్తగోతిలో బూడ్చిరి. 2014లో ద్రవ్వి తీసిరి. కాని ‘డెత్లీ హ్యాలోస్’ విషయమున నీ హేతువు సగమే చెల్లును. బ్రైట్ లైట్‌వారి పూర్వక్రీడకును దీనికిని నడుమ దాదాపు 16 నెలల కాలము గలదు. ఆ కాలము చాలలేదేని పని మొరటుగ దేలును, చేసినదే మరల చేయబడును, గుఱి తడబడును. మంత్రదండమును తుపాకిగ జేయవలె నను తలంపు మాత్రము గడువు చాలక పుట్టినది గాదు. చిత్రకారునకు దీఱిక లేకున్న గీతలు వంకరపోవును; కాని యెవరి బొమ్మ వ్రాయవలెనను నిర్ణయము కుంచె పట్టక ముందే జరుగును.

రెండవది విద్యాలయము లేమి. పూర్వపు రెండు క్రీడలకును హాగ్వర్ట్స్ దుర్గమే ప్రాణము. ఆటగాడు దాని మెట్లపైనను, మందిరములలోను స్వేచ్ఛగ దిరుగుటయే యొక యానందము. ఏడవకథ యా దుర్గమును విడిచినది కావున, ఆటకు నాధారము తొలగినదని కొందఱి వాదము. ఇదియు నిలువదు. చిత్రమునకును ఆ దుర్గము లేదు. ఆ లేమినే చిత్రకారుడు గుణముగ మార్చుకొనెను. విశాలమైన నిర్జనభూములు, చలి, గుడారములోని మౌనము, చేరువలో నున్నను దూరమైపోవుచున్న మిత్రులు - ఇవి యన్నియు నింటిని గోల్పోయిన బాలుర దైన్యమును బ్రేక్షకుని హృదయమున నాటినవి. ఉన్నదానివలెనే లేనిదియు రసమునకు విభావము కాగలదు.

కావున దోషము వేఱొక చోట వెదకవలెను. రసభంగమునకు ననౌచిత్యమునకంటె వేఱు కారణము లేదని యానందవర్ధనుడు నిర్ణయించెను. క్షేమేంద్రుడు దానినే విస్తరించి, మేఖలను గంఠమునను, హారమును నడుమునను ధరించినవారు నవ్వులపాలగుదురని దృష్టాంతము చూపెను. ఆభరణము మేలైనదే, స్థానము చెడినది. చాటున నుండి కాల్చు పద్ధతి సైనికక్రీడలలో మేలైన యాభరణమే. దానిని హ్యారీకి దొడుగుటయే దోషము.

ఇందు మొదట నాయకుని శీలమును బరిశీలింపవలెను. హ్యారీ పోటర్ కథలో నాయకుని విశిష్టమంత్రము చంపునది గాదు, ఎదుటివాని చేతిలోని యాయుధమును జాఱవిడిపించునది. దాని పేరు ‘ఎక్స్‌పెలియార్మస్.’ ఏడవనవల యారంభముననే రచయిత్రి దీనిని బరీక్షకు బెట్టినది. ఆకాశమార్గమున బాఱిపోవుచు, తన్ను వెంటాడువారిలో నొకడు తా నెఱిగిన బస్సు కండక్టరగు స్టాన్ షన్‌పైక్ అనియు, వాడు పరాధీనుడై యట్లు చేయుచున్నాడనియు హ్యారీ గుర్తించి, యా నిరాయుధీకరణమంత్రమునే ప్రయోగించును. దానివలననే శత్రువు లతనిని నిజమైన హ్యారీగ దెలిసికొందురు. అనంతరము లూపిన్ అను హితుడు, ఇది ప్రాణాపాయసమయమనియు, చంపుటకు సిద్ధపడనివాడు కనీస మచేతనునిగ జేయు మంత్రమైన వాడవలెననియు మందలించును. హ్యారీ యొప్పుకొనడు. అడ్డమువచ్చిన వారినెల్ల గూల్చుట వోల్డెమార్ట్ పని గాని తనది గాదని యతని యభిప్రాయము. కథాంతమున దుష్టసంహారము గూడ నీ మంత్రముతోనే సిద్ధించును. అనగా నవలకు నిది యాదిలో బ్రతిజ్ఞ, అంతమున నిర్వహణము.

క్రీడలో నేమి జరిగినది? అచేతనునిగ జేయు ‘స్టూపిఫై’ యే యాటగాని నిత్యాయుధమైనది. అతడు దానిని వందలమారులు ప్రయోగించును. ‘ఎక్స్‌పెలియార్మస్’ పలు మంత్రములలో నొకటిగ మాత్రమే మిగిలినది. లూపిన్ చెప్పగా హ్యారీ తిరస్కరించిన నీతినే ఆటగాడు మొదటినుండి తుదివఱకు నాచరించుచున్నాడు. అడ్డమువచ్చిన వారిని గూల్చుటయే యాటలో దారి యగుచున్నది. వేషము హ్యారీది, ముఖము హ్యారీది, శీలము మాత్రము హ్యారీది గాదు. నాటకమున నింతకంటె బెద్ద నాయకదోష ముండదు.

రెండవది కథాగర్భమునందలి యుపకథ. ముగ్గురన్నదమ్ముల కథను హెర్మయొనీ చదువగా, చలనచిత్రమున బెన్ హిబన్ దర్శకత్వమున నది ఛాయాచిత్రములవంటి బొమ్మలతో జూపబడినది. చిత్రమునకంతకు నది శిరోరత్న మన్నను దప్పుగాదు. మృత్యువు మువ్వురకు వరము లొసగును. పెద్దవాడు జయింపరాని మంత్రదండమును గోరి, దానిని జూచి గర్వించి, రాత్రి నిద్రలో గంఠము కోయబడి మరణించును. రెండవవాడు మృతులను రప్పించు శిలను గోరి, వియోగదుఃఖమున బ్రాణత్యాగము చేయును. చిన్నవాడు మాత్రము కంటికి గనబడకుండ జేయు వస్త్రమును గోరి, శాంతముగ జీవించి, వృద్ధుడై, తుదకు మృత్యువును మిత్రునివలె స్వాగతించును. ‘డెత్లీ హ్యాలోస్’ అను పేరునకు నర్థము ఈ మూడు వస్తువులే. ఈ యుపకథకు ధ్వని స్పష్టము: బలమును గోరువాడు బలముచేతనే చచ్చును, అణకువ గలవాడు తరించును.

చిత్ర మేమనగా, ఈ పేరునే ధరించిన క్రీడ యాటగానిని బెద్దవాని స్థానమున నిలిపినది. మంత్రదండము బలపడవలెను, ఇంకను బలపడవలెను. శత్రువు లెంతమంది కూలిన నంత మేలు. మూలకథ దేనిని మృత్యుపాశమని నిందించినదో, క్రీడ దానినే బహుమానముగ నిచ్చుచున్నది. నిర్మాత లిట్లు సంకల్పించిరని చెప్పరాదు. కాని కావ్యార్థము కవిసంకల్పమున గాక కావ్యముననే యుండునను న్యాయమున, ఈ క్రీడ తన శీర్షికకే ప్రతికూలమైన యర్థమును బోధించుచున్న దనక తప్పదు.

మూడవది రసము. ఈ కథాభాగమున గరుణము ప్రధానము, భయానక మంగము. హెర్మయొనీ తన తల్లిదండ్రులను గాపాడుటకై వారి మనస్సులలో దన జ్ఞాపకమునే తుడిచివేయుట, హ్యారీ మంచుకురియు రాత్రి గోడ్రిక్స్ హాలో గ్రామమున దలిదండ్రుల సమాధి చెంత నిలుచుట, రాన్ కోపించి విడిచిపోయిన వెనుక గుడారమున మిగిలిన యిరువురు రేడియో పాటకు గొంతసేపు నృత్యమాడుట, డాబీ మరణించినప్పుడు మంత్రసాహాయ్యము లేకుండ హ్యారీ తన చేతులతోనే గోతిని ద్రవ్వుట - ఇవియే యీ కథయందలి మర్మస్థానములు. వీనిలో గడపటిది విశేషముగ గమనింపదగినది. సకలమును మంత్రముచే సాధింపగల లోకమున, శ్రమయే శ్రద్ధాంజలి యగుచున్నది. చేతులతో జేయు పనియే ముఖ్యమైన క్రీడారూపమున కింతకంటె దగిన ఘట్టము దొరకుట దుర్లభము. మెల్లగ, ఎడతెగక, విసుగు పుట్టునంతగ మన్ను త్రవ్వించి యుండిన, ఆటగాడు చిత్రప్రేక్షకునకంటె నెక్కువ దుఃఖము ననుభవించి యుండును. అట్లే మెడలోని లాకెట్టు బరువువలన మిత్రుల మనస్సులు చెడుటయు, దానిని వంతులవారిగ ధరించుటయు, ఆహారము వెదకుటయు, కాపు కాయుటయు - ఇవి యన్నియు గ్రియలే, ఆట కనువైనవే. నిర్మాతలు వీనిని విడిచి, కథలో క్షణకాలమున్న సంఘర్షణలను గంటలకొలది పెంచిరి. ముఖ్యమును సంక్షేపించి, యముఖ్యమును విస్తరించుట ప్రబంధదోషములలో బ్రసిద్ధమైనదే.

గుణములను గూడ బేర్కొనుట న్యాయము. అదృశ్యవస్త్రమును గప్పుకొని నడచు ఘట్టము లీ క్రీడలో గొన్ని గలవు. అచ్చట దృష్టి హ్యారీ కన్నులలోనికి మారును, కాల్పులు లేవు, శత్రువుల నడుమ మెల్లగ, ఒకరిని దాకకుండ సాగవలెను. లోపములున్నను, మూలకథకు మిక్కిలి సమీపమైనవి యివియే. భయము, అణకువ, ఓర్పు - మూడవ తమ్ముని గుణములు మూడును నిందు గలవు. ఈ మార్గమునే ప్రధానముగ జేసి, మంత్రదండమును గత్యంతరము లేనప్పుడు మాత్రమే యెత్తునట్లు నిర్మించి యుండిన, ఇది వేఱొక కృతి యై యుండును. సరియైన బీజము వారి చేతనే యుండెను. దానిని వారు గట్టున నాటి, కలుపును జేనిలో నాటిరి.

ఆటకు బోరాటము తప్పనిసరి కాదా, క్రీడాప్రియు లదియే కోరుదురు గదా యని పూర్వపక్షము రావచ్చును. దీనికి సమాధానము నీ శాలవారి పూర్వకృతియే. 2007 నాటి ‘ఆర్డర్ ఆఫ్ ది ఫీనిక్స్’ క్రీడలో నొక్కొక్క మంత్రమున కొక్కొక్క చేతి కదలిక నియమింపబడినది. ఆ దండముతో వస్తువులను దేల్చుట, విఱిగినవానిని నతుకుట, దీపములను వెలిగించుట మొదలగు పనులు చేయవచ్చును. ద్వంద్వయుద్ధ మందలి యొక భాగము మాత్రమే. అందు దండము దండముగనే యుండెను. ఇక 2010, 2011 సంవత్సరములలో ట్రావెలర్స్ టేల్స్‌వారు నిర్మించిన ‘లెగో హ్యారీ పోటర్’ క్రీడలను జూడుడు. ఈ కథనే వారు బొమ్మయిటుకల మనుష్యులతో, మాటలు లేని మూకాభినయముతో, హాస్యముగ మార్చిరి. అంగిరసమే మాఱినది, అయినను ఆదరము లభించినది. ఏలయనగా వారు మారుపును బహిరంగముగ జేసి, తాము చేపట్టిన హాస్యమునకు దగినట్లు సర్వమును సమకూర్చుకొనిరి. మూలము ననుసరించుటకంటె దాను గైకొన్న మార్గమున కొదిగియుండుట ముఖ్యమని దీనివలన దెలియును. ‘డెత్లీ హ్యాలోస్’ క్రీడ కరుణకథ యని వేషము ధరించి, యుద్ధకథగ నడచినది.

ఆయుధక్రీడ యెచ్చట నొప్పునో చెప్పు నిదర్శనము వేఱొకటి గలదు. 1995 నాటి ‘గోల్డెన్ ఐ’ చలనచిత్రమునుండి 1997లో రేర్ సంస్థ నిర్మించిన క్రీడ చిత్రము వెడలిన దాదాపు రెండేండ్లకు వచ్చియు మిక్కిలి ప్రఖ్యాతి గాంచినది. అందలి నాయకుడు జేమ్స్ బాండు గూఢచారి. తుపాకి యతని వృత్తికి దగినది. అచ్చట నాభరణము స్థానమున నున్నది.

2011 జులైలో రెండవ భాగపు క్రీడయు నీ త్రోవనే వెలువడినది. అందు గథ యుద్ధప్రధానమగుటచే ననౌచిత్యము కొంత తగ్గినను, పద్ధతి మాఱలేదు. 2012లో బ్రైట్ లైట్ శాల మూతపడినది. చిత్రమునకు జతగ నాటను వెలువరించు నాచారము గూడ నా దశాబ్దమున గ్రమముగ క్షీణించినది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన ‘హాగ్వర్ట్స్ లెగసీ’ యే చిత్రమునకు ననువాదము గాక, పందొమ్మిదవ శతాబ్ది చివరి కాలమున నొక నూతనవిద్యార్థి కథగ గల్పితమైనది. అందును బోరాటములు మెండే. అయినను దుర్గమును, పాఠములను, మృగపోషణమును ఆటగానికి మరల నిచ్చుటచే దానికి విశేషప్రచారము లభించినది.

ఈ పరాజితక్రీడను జిరకాలము గుర్తుంచుకొనవలసిన పని యేమని యడుగవచ్చును. ఉత్తమకృతులు నియమమును బాలించి చూపును. చెడినకృతులు నియమ మెచ్చట నున్నదో విఱిచి చూపును. ఇందు చిత్రమునందలి ముఖములు, వేషములు, స్థలములు, పేరులు యథాతథముగ దింపబడినవి. నాయకుని క్రియ యొక్కటి తప్పినది. దానితో సర్వమును దప్పినది. ఒక కథను వేఱొక రూపమునకు దెచ్చువారు మొదట నాయకుని చేతులవంక జూడవలెను. కథ యా చేతులకు దేనిని నిషేధించినదో దానినే రూపాంతరము విధించినచో, మిగిలిన పోలికలన్నియు శవాలంకారములే యగును.